అటక మీది దొరసాని

అజెనోర్‌కి ఈ లోకంలో సొంతమైనది ఏదైనా ఉందంటే అది వెనక వసారాలో వేలాడే ఊయల ఒక్కటే. దుకాణం భార్య లిందాల్వా పుట్టింటివాళ్ళు ఇచ్చింది, ఇల్లు ఆవిడ కనుసన్నల్లో నడుస్తుంది. బెలెం ఊళ్ళో మధ్యాహ్నం వాన మొదలవగానే ఊయలెక్కడం, వాన వెలిసేదాకా దిగకపోవడం, ఇదే అతను క్రమం తప్పకుండా చేసే పని.

ఆ ఊయలకే ముప్పొచ్చింది.

"కర్రపెండలం పిండి సంచులన్నీ ఎలుకలు కొట్టేస్తున్నాయి. మా అమ్మని తెచ్చుకుందాం," అంది లిందాల్వా ఒక పొద్దున చీపురు చేత్తో పట్టుకుని.

"మీ అమ్మ ఎలుకల్ని పడుతుందా?"

"పిల్లిని వెంటబెట్టుకొస్తుంది. వసారాలో పడుకుంటుంది. ఆ ఊయల ఆవిడకి సరిగ్గా సరిపోతుంది."

అత్తగారు దోనా జెనొవేవా నది అవతల దీవిలో ఉంటుంది కాబట్టి ఆవిడంటే అజెనోర్‌కి చాలా గౌరవం. ఆ గౌరవం అలాగే నిలవాలంటే ఆవిడ అక్కడే ఉండాలి.

"పిల్లెందుకే! పాలు తాగేస్తుంది, చేపలెత్తుకుపోతుంది. మా తాతల నాడు అటక మీద కొండచిలువ ఉండేది. ఇంటికి అదీ మర్యాద!" అని, జవాబు వినకుండా రేవు బజారుకి పరిగెత్తాడు.

వాన మొదలయ్యేలోగా పామును సంచిలో మోసుకొచ్చాడు. తొడంత లావు, ఒంటినిండా ముదురు మచ్చలు, ఎవరినీ లెక్కచేయని చూపు. ఆ చూపుకి ముచ్చటపడి బరొనేజా అని పేరు పెట్టాడు. అంటే దొరసాని.

"అమ్మినాయన ఒక్కటే చెప్పాడు. గిన్నెడు నీళ్ళు పెట్టాలి, తిండి మాత్రం పెట్టకూడదు. ఆకలే దాని జీతమట."

"బాగుంది. నీకూ ఆ పద్ధతే పెడతాను," అంది లిందాల్వా. ఎందుకో నవ్వాపుకుంటున్నట్టు కనిపించింది.

దొరసాని వచ్చీ రాగానే అటక సద్దుమణిగింది. అజెనోర్ ఊయలలో ఊగుతూ తన తెలివికి తనే మురిసిపోయాడు. అంతటితో ఊరుకుంటే బాగుండేది. ఒకరోజు నీళ్ళు మార్చడానికి నిచ్చెనెక్కితే బరొనేజా దూలం మీద నుంచి తలెత్తి చూసింది. పాముకి రెప్పలుండవు కాబట్టి చూడక తప్పదు. అజెనోర్‌కి మాత్రం ఆ చూపులో పస్తులు కనిపించాయి.

"పాపం, నోరులేని జీవం," అనుకుని మర్నాడు చొక్కా జేబులో కోడిపిల్లని దాచుకుని పైకెక్కాడు. తరవాత అదే అలవాటైంది. నిచ్చెన చప్పుడు వినిపిస్తే చాలు, దొరసాని జేబు దగ్గరికి వచ్చేసేది. ఆమె నున్నగా, నిండుగా తయారైంది. కడుపు నిండిన దొరసాని ఎలుకల జోలికి ఎందుకు పోతుంది?

"ఏమయ్యా, పైన ఎలుకలు పెళ్ళి చేసుకుంటున్నాయి. నీ దొరసాని ఏం చేస్తోంది?"

"కుబుసం విడుస్తోంది. ఆ టైములో పని చెప్పకూడదు."

"పోయిన వారం విడిచిందిగా?"

"అది పై చొక్కా. ఇది లోపలిది."

లిందాల్వా చీపురు గోడకి ఆనించింది. "సరే. నజరే మాత పండగ ఊరేగింపు రోజున మా అమ్మ భోజనానికొస్తోంది. ఆ రోజు సంచికి చిల్లు కనిపించిందా, ఆవిడ ఇక ఇక్కడే."

ఆ పూట నుంచే కోడిపిల్లలు బంద్. అజెనోర్ వానవేళ ఊయలెక్కడం మానేసి, కొట్టులో దబ్బనంతో సంచుల చిల్లులు కుట్టుకుంటూ కూర్చున్నాడు. పైన దొరసాని జేబు కోసం ఎదురుచూసి చూసి, వేట మరిచిపోయిన మనిషి చేసే పనే చేసింది. ఇంట్లో దొరికినదాన్ని తినేసింది.

ఇంట్లో దొరికింది పండగ బాతు.

"బాతేది?" అంది లిందాల్వా, ఖాళీ గూడు ముందు నిలబడి.

అటక మీద బరొనేజా నడుము ఎలా ఉందో అజెనోర్ అప్పటికే చూసొచ్చాడు. "ఎగిరిపోయింది."

"రెక్కలు కత్తిరించిన బాతు ఎగిరిందా?"

"పండగ కదా, భక్తి పుట్టి ఉంటుంది."

ఊరేగింపు రోజున దోనా జెనొవేవా చిన్న మూటతో పడవ దిగి వచ్చింది.

"పిల్లేది అత్తయ్యా?"

"ఏ పిల్లి?"

"ముందు భోజనాలు కానీయండి," అంది లిందాల్వా చప్పున. బల్ల మీద బాతు కోసం కర్రపెండలం పిండి తీసిన రసంతో కాచిన పసుపుపచ్చని తుకుపీ పులుసు ఘుమఘుమలాడుతోంది. అందులో బాతు తప్ప అన్నీ ఉన్నాయి.

అత్తగారు గరిటె ముంచబోతుండగా పైన చెక్క కిర్రుమంది. ఆ సన్నటి చెక్క దొరసానినైతే మోసేది, దొరసానితో పాటు బాతును కూడా మోయలేకపోయింది. మెల్లగా వంగి, మెల్లగా విరిగింది. బరొనేజా అంతకన్నా మెల్లగా అన్నం గిన్నె పక్కకి దిగింది. ఎవరూ అరవలేదు.

దొరసాని బల్లంతా దాటి తిన్నగా అజెనోర్ ఒళ్ళోకి పాకి, చొక్కా జేబులో తల దూర్చింది.

"అల్లుడూ, ఆ జేబులో ఏం పెట్టేవాడివి?"

"కోడిపిల్లల్ని అత్తయ్యా," అన్నాడు, నేలకేసి చూస్తూ.

దోనా జెనొవేవా లేచి, పాముని చంటిపిల్లని ఎత్తినంత ఒడుపుగా భుజాన వేసుకుంది. ఉబ్బిన చోట నిమిరింది. "ఇదా మన బాతు! బంగారంలాంటి పాము, గారం చేసి పాడుచేశావు. దీన్ని దారిలో పెట్టాలంటే ఏడాది పడుతుంది. ఉంటాలే," అని నేరుగా వసారాలోకి నడిచింది. ఊయల కిర్రుమన్న చప్పుడు అజెనోర్ గుండెని కోసేసింది.

వంటింట్లో లిందాల్వాని నిలదీశాడు. "మీ అమ్మకి పాములంటే భయం లేదా?"

"భయమా! మా అటక మీద ఎప్పుడూ పామే. పాములేని ఇంట్లో నిద్రపట్టదనే ఇన్నాళ్ళూ ఎంత పిలిచినా రాలేదు."

"మరి పిల్లి అన్నావు!"

"పాము అంటే నువ్వు పిల్లిని తెచ్చేవాడివి," అంది లిందాల్వా గిన్నెలు సర్దుతూ.

బయట వాన మొదలైంది. అజెనోర్ ఆకలిగా కంచం ముందుకి లాక్కున్నాడు.

"ఆగు అల్లుడూ!" వసారాలోంచి కేక. "వచ్చేటప్పుడు కొట్టులో సంచులకి నువ్వేసిన కుట్లు చూశాను. అన్నీ విప్పి మళ్ళీ కుట్టు. దానికీ నీకూ ఒకటే పద్ధతి. ముందు పని, తరవాత తిండి."

అజెనోర్ దబ్బనం తీసుకుని వసారా గడప దగ్గర కూర్చున్నాడు. అత్తగారి భుజం మీద నుంచి బరొనేజా అతని వంక చూసింది. ఈసారి ఆ చూపులో అతనికి జాలి కనిపించింది.