జంపక్కను ఓడించి పెంచిన ఊరు

హలో, అందరూ బాగున్నారా? మా అడవి వైపు సిగ్నల్ ఎప్పుడు పోతుందో తెలియదు, జల్దీగా చెప్పేస్తాను. మణుగూరు దాటాక, వాగు అవతల ఉన్న ఒక చిన్న ఊరు దేశానికి ఒక జాతీయ నాయకురాలిని అందించిందని తెలియజేయడానికి సంతోషిస్తున్నాను. పేరు జంపక్క. అందించిన విధానం, ఓడించడం.

వార్డు మెంబరుగా ఊరు ఓడిస్తే, పార్టీ జాలిపడి ఆమెను మండల మహిళా అధ్యక్షురాలిని చేసింది. ఎంపీటీసీగా ఓడితే జిల్లా కార్యదర్శి. జడ్పీటీసీకి డిపాజిట్ కూడా పోయేసరికి, ఏకంగా జాతీయ కార్యవర్గంలోకి తీసుకుని ఢిల్లీ రైలెక్కించారు. అక్కడ ఆమె 'గ్రామాల్లో మన బలం' మీద ప్రసంగించింది. చప్పట్లు ఆగలేదు. వచ్చిన శాలువాలతో ఇంట్లో దుప్పట్లు కొనే పని తప్పింది.

అయినా జంపక్కకు ఒకటే వెలితి. "మీరు ఏ ఊరి నుంచి గెలిచారు?" అని ఢిల్లీలో ఎవరైనా అడిగితే దగ్గు తెచ్చుకునేది. సొంత ఊరు ఒక్కసారైనా తనను గెలిపించాలి. అందుకే సర్పంచి ఎన్నికలు రాగానే దేశాన్ని కాసేపు పక్కన పెట్టి నామినేషన్ వేసింది. పగలు ఊళ్లో మనుషులు దొరకరు కాబట్టి, పత్తి చేనుకే పోయి, కొంగు బిగించి, తానూ పత్తి ఏరుతూ ఓటడిగింది.

"ఈసారన్నా నాకెయ్యవే గంగక్కా!"

పక్క సాలులో పత్తి ఏరుతున్న గంగక్క కళ్లు ఒత్తుకుంది. "గట్లెట్లేస్త బిడ్డా? జడ్పీకి ఓడగొడితే ఢిల్లీకి పోయినవ్. ఇప్పుడు గెలిపిస్తే ఈడ్నే మురికి మోరీలు తీపిచ్చుకుంట కూసుంటవ్. గా పాపం నాకొద్దు."

"వాగు మీద వంతెన కట్టిపిస్తనే!"

"అవ్, వీరబాబు గూడ గదే చెప్పిండు," అన్నాడు పగిడయ్య, పత్తి మూట ఎత్తుకుంటూ. వీరబాబు ఆమెకు పోటీదారు. "ఆయన ఓడినా ఏడికీ పోడక్కా. గెలిపిస్తే నష్టమేంది?"

ఊరు అన్న మాట నిలబెట్టుకుంది. జంపక్క చిత్తుగా ఓడింది. లెక్కింపు గది బయట ఆమె గోడకు ఆనుకుని ఏడుస్తుంటే, డప్పులతో వచ్చి ఆమెనే భుజాలకెత్తుకున్నారు. గెలిచిన వీరబాబు ఒక్కడే నడిచి ఇంటికి పోయాడు. సాయంత్రానికల్లా ఢిల్లీ నుంచి ఫోను. జాతీయ ఉపాధ్యక్షురాలు!

మర్నాడు ఆమె ఢిల్లీకి బయలుదేరితే, వాగు దగ్గర కాళ్లు తడవకుండా ఊరివాళ్లు నలుగురు ఎత్తుకుని దాటించారు. "ఒక్కలన్నా నాకెందుకు ఎయ్యలేదే?" అని ఒడ్డున నిలబడి అడిగింది. "నువ్వంటే పానం బిడ్డా, గందుకే ఎయ్యలే," అంది గంగక్క.

ఆ ఊరిని చూసి నవ్వకండి. వాళ్ల సర్పంచి ఎవరో వాళ్లకు తెలుసు. మరి మీ వార్డు మెంబరు పేరేమిటి? గుర్తు రాకపోతే ఈ కథను మీ గ్రూపులో పెట్టండి. ఒక్కరికైనా తెలిసి ఉంటుంది.