కార్వాన్ మీదుగా విశాఖపట్నం

ఆదివారం పొద్దున ప్రేమ్‌రాజ్ వేసుకున్న పథకంలో ఒక్క చిల్లు లేదు. బస్ డిపోలో మెకానిక్కు కదా, చిల్లుల సంగతి తెలిసినవాడు. సోమవారం విశాఖపట్నంలో మరదలి కొడుకును ఊయలలో వేసే తొట్టెల వేడుక. భార్య భాగ్యశ్రీ ముందే వెళ్లింది. ఇతను ఉదయం ఆరూ యాభైకి సికింద్రాబాద్‌లో రైలెక్కితే ఏడువందల కిలోమీటర్లు, పన్నెండున్నర గంటలు, రాత్రికి అక్కడ. కానీ అదే ఉదయం తాముండే కార్వాన్ గల్లీలో క్యారమ్స్ ఫైనల్. మూడేళ్లుగా ఆ కప్పు శివయ్య ఇంట్లో టీవీ పక్కన కూర్చుని ఇతన్ని వెక్కిరిస్తోంది.

"బండెక్కిన అని చెప్త. ఆట అయినంక మూడింటికి బస్సు. తెల్లారేసరికి ఆడుంట. ఎందుకు లేటని అడిగితే, బండి లేటైందని చెప్త," అని ప్రేమ్‌రాజ్ ఈ రహస్యాన్ని శివయ్యకే చెప్పాడు. కడుపులో మాట దాచుకోవడం ఆ వంశంలో లేదు.

తొమ్మిదికి ఆట మొదలైందో లేదో ఫోను మోగింది.

"ఏడిదాంక వచ్చినవ్?" అంది భాగ్యశ్రీ.

"కాజీపేట. ఇప్పుడే ఆగింది."

"ఆ టకటక ఏంది?"

"పట్టాలు."

"ఆగిందంటివి గదా."

"పక్క బండి."

శివయ్య జాలిపడి, ఫోను దగ్గర మూతిపెట్టి "చాయ్ గరం" అని కేకేశాడు. అబద్ధమాడితే అతికినట్టుండాలి మరి. ప్రేమ్‌రాజ్ అప్పటికి ఆరు పాయింట్లు పైన ఉన్నాడు. ఈసారి కప్పు మనదేనని ఒళ్లు పులకరించింది.

టైంటేబుల్ ప్రకారం ఖమ్మం చేరేసరికి అత్తగారు నాగమణమ్మ ఫోనందుకుంది. "అల్లుడా, మా మరిది బాబురావు బెజవాడ స్టేషన్ల నాటుకోడి కూర తెస్తున్నడు. ఎస్ మూడు డబ్బనే గదా?"

"ఎందుకత్తమ్మా తిప్పలు," అన్నాడు ప్రేమ్‌రాజ్ నీరసంగా. అల్లుడు రైల్లో పోతుంటే దారిలో కేరేజీ అందకపోవడం ఆ ఇంటికి తలవంపులు. కాదంటే వినరు. ఆ కంగారులో కొట్టిన దెబ్బకు స్ట్రైకరే గుంటలో పడింది.

వెంటనే బెజవాడ డిపోలో పనిచేసే దోస్తు నిఖిలేష్‌కు ఫోన్ చేశాడు. "భాయ్, ఎస్ మూడు తలుపు కాడ నిలబడు. ప్రేమ్‌రాజ్ బాత్రూమ్‌ల ఉన్నడు, నేను పక్క సీటోన్ని అని కేరేజీ తీస్కో. కూర నువ్వే తిను." నాటుకోడి అనగానే నిఖిలేష్ ఇంకేమీ అడగలేదు.

పన్నెండూ యాభైకి, చివరి కాయ మీద గురిపెట్టగానే మళ్లీ భాగ్యశ్రీ.

"కూర అందిందా?"

"తిన్న గూడ."

"ఉప్పు?"

"బరాబర్ ఉన్నది. మస్తుగుంది."

"గట్లనా," అంది భాగ్యశ్రీ చల్లగా. "మా బాబాయి, ఎవడో నిఖిలేషంట, ఇద్దరు ఒక్క బల్ల మీద కూసొని నీ బండికోసం చూస్తున్నరు. అది ఇంక సికింద్రాబాద్‌లనే ఉన్నదంట. రెండింటికి కదుల్తదంట. ఎక్కుతవా, తిన్నది అరిగినంక వస్తవా?"

ప్రేమ్‌రాజ్ వేలు జారింది. శివయ్య నాలుగోసారి కప్పెత్తుకున్నాడు. నోరు మూసుకుని ఆట ముగించి తీరిగ్గా స్టేషన్‌కు పోయినా తన బండి తనకు దొరికేదని తెలిసొచ్చాక ప్రేమ్‌రాజ్‌కు ఏడుపొక్కటే తక్కువ. శివయ్యే స్కూటర్ మీద దింపాడు, కప్పు ఒళ్లో పెట్టుకుని.

ఆ రోజు విశాఖ దారిలో ప్రతి స్టేషనూ టైముకు చేరింది ప్రేమ్‌రాజ్ ఒక్కడే.