గేటు దాటితేనే లెక్క

"సాజిదా గారూ, రేపు మీ సెలవు ఓకే," అని మేనేజరు ప్రసన్నకుమార్ గుంటూరు నుంచి ఫోన్లో చెప్పిన క్షణంలో, సత్తెనపల్లి రోడ్డు పక్కనున్న ఆ మిర్చి కోల్డ్ స్టోరేజీ, దాని సూపర్‌వైజర్ సాజిదా కళ్లకు అచ్చం సముద్రంలా కనిపించింది. పెళ్లయి నెల. ఇద్దరూ కలిసి వెళ్తున్న మొదటి ఊరు, సముద్రపొడ్డున ఉన్న వాడరేవు. భర్త యూసుఫ్ అప్పుడే రెండు గడ్డి టోపీలు కొనేశాడు. పొద్దున ఇంట్లో అవి పెట్టుకునే టీ తాగారు.

"కాకపోతే ఒక్క మాట. సాయంత్రం దాకా మీ బోర్డు పచ్చగానే ఉండాలి. ఎర్రబడిందా, సెలవు లేదు."

బోర్డంటే ఆఫీసు గోడకున్న టీవీ. లారీ గేటు దాటగానే అందులో నిమిషాల లెక్క మొదలవుతుంది, టిక్కీలు, అంటే మిర్చి బస్తాలు, దించుకుని బయటికి పోగానే ఆగుతుంది. లారీ ఎంత తొందరగా పోతే గోడౌను అంత బాగా పనిచేస్తున్నట్టు; ఆలస్యమైతే బోర్డు ఎర్రబడుతుంది. చిక్కంతా బస్తాలు దించే హమాలీల ముఠాతోనే. ఒక లారీ దించాక అందరూ కూర్చుని టీ తాగందే ఇంకో లారీ ముట్టుకోరు. వాళ్లు గ్లాసులు ఊదుకుంటుంటే లోపలున్న లారీ మీద లెక్క నడుస్తూనే ఉంటుంది.

"టీ మానేయమంటే మమ్మల్నే మానేయమనండి," అన్నాడు మేస్త్రీ వెంకయ్య, చాలా మర్యాదగా.

సాజిదా ఆలోచించి వాచ్‌మన్‌ను పిలిచింది. "బుడాన్ బాబాయ్, ముఠా లేచాకే లారీని లోపలికి వదులు. అప్పటిదాకా బయటే ఉంచు."

"ఓస్, అంతేనా అమ్మా!" అని బుడాన్ గేటుకు గొలుసు వేశాడు.

బోర్డు వేపచెట్టంత పచ్చగా అయింది. అది చూసి వెంకయ్య, "లోపల లారీ లేదుగా, తొందరేముందిరా?" అంటూ ఇంకో విడత టీ చెప్పాడు. అసలే కాయల సీజను. మధ్యాహ్నానికి లారీల వరస మలుపు దాటింది. వాటి వెనక ట్రాక్టర్లు, ట్రాక్టర్ల వెనక బస్సు. మిర్చి ఘాటుకి బస్సంతా ఒకేసారి తుమ్ముతోంది.

యూసుఫ్ ఫోన్ చేశాడు. "నీకు బిర్యానీ తెస్తున్నా సాజిదా, ఇక్కడే ఇరుక్కుపోయా. ఎవడో తలమాసినవాడు లారీలన్నీ రోడ్డు మీదే ఆపేశాడంట!"

"అలాగా అండీ," అంది సాజిదా.

అంతలో ప్రసన్నకుమార్ నడుచుకుంటూ లోపలికొచ్చాడు. బూట్ల నిండా దుమ్ము, కళ్ల నిండా నీళ్లు.

"కారేది సార్?"

"లైన్లో ఉంది. ఈ లారీలు ఎవరు ఆపించారు?"

"నేనే సార్." వాడరేవు అలలు వెనక్కి తగ్గడం ఆమెకు స్పష్టంగా వినిపించింది.

ఆయన బోర్డు ముందు నిలబడి, శ్రద్ధాంజలి ఘటించేవాడిలా తల వంచాడు. తర్వాత నెమ్మదిగా అడిగాడు. "రోడ్డు మన లెక్కలోకి రాదు కదా?"

"రాదు సార్. గేటు దాటితేనే."

"మన గోడౌన్లన్నిట్లో మీరే ఫస్టు." ఆయన కళ్లు తుడుచుకున్నాడు. అది ఘాటో, ఆనందమో తెలియలేదు. "రేపు పొద్దున్నే మిగతా సూపర్‌వైజర్లంతా ఇక్కడికే వస్తారు. ఈ పద్ధతి మీరే దగ్గరుండి నేర్పాలి."

"రేపు నా సెలవు సార్..."

"అది నేనెందుకు రద్దు చేస్తానమ్మా? సెలవులోనే వచ్చి నేర్పండి. మీకు హాజరు వేస్తే మనిషికిన్ని టిక్కీలన్న సగటు పడిపోతుంది."

ఇచ్చిన మాట తప్పే మనిషి కాదు ప్రసన్నకుమార్. సెలవు కాగితం మీద అక్కడికక్కడే సంతకం పెట్టాడు.