బావమరిది పాతిన కుండ

అర్గీరిస్‌కు ఇల్లు లేకపోవడానికి కారణం అతని బావమరిది రాసే నవలలు. ఇందులో వాదించడానికేమీ లేదు. ఊళ్లో అందరికీ తెలుసు, ఆ బావమరిదికి తప్ప.

భూకంపంలో పాత ఇల్లు నెర్రెలిచ్చాక ప్రభుత్వం అర్గీరిస్‌కు ఒక రేకు పెట్టె ఇచ్చింది. ఓడల్లో సరుకులు పంపే రకం. దానికో కిటికీ కోసి ఇల్లన్నారు. ఎండాకాలం అందులో ఉడికిపోవాలి, చలికాలం వణికిపోవాలి, వాన పడితే కారే చోటల్లా బకెట్లు పెట్టుకోవాలి. భార్య స్తమాతా ఆ పెట్టెలోనే దగ్గి దగ్గి పోయింది. "ఒక్క గది కట్టు. గోడలు చెమ్మగిల్లకపోతే చాలు" అని అడిగింది. గది కట్టడానికి అనుమతి వచ్చేసరికి ఆమె లేదు. అయినా ఆ గది కట్టాలనే అర్గీరిస్ పట్టుదల.

నవంబరులో ఒక శనివారం ముహూర్తం. చేయవలసిన పని చిన్నదే. ఫాదర్ గెరాసిమోస్ వచ్చి పవిత్ర జలం చల్లుతాడు. మేస్త్రీ థోడోరిస్ మూలరాయి మీద కోడిపుంజును కోస్తాడు. పుంజు నెత్తురు పడని పునాదిని ఆ ఊళ్లో ఏ మేస్త్రీ ముట్టుకోడు. తర్వాత పట్నం నుంచి లారీ వచ్చి కాంక్రీటు పోస్తుంది. సాయంత్రానికి వాన పడుతుందన్నారు. ఆలోగా ముగించాలి.

బావమరిది క్లియాంథిస్ రాసేవన్నీ ప్రాచీన గ్రీసు కాలపు నవలలు. ఆ కాలంలో అందరూ వీరులే అనీ, ఎవరికీ పళ్లు పుచ్చేవి కావనీ అతని నమ్మకం. వాళ్లలాగే మంచు కురిసే రోజుల్లో కూడా తోలు చెప్పులతో తిరుగుతాడు. జలుబు చేస్తే మాత్రం అందరికంటే ముందు మందుల షాపులో ఉంటాడు. సొంత అక్క చనిపోయిన రోజున, పూర్వీకులు శవానికి ఏ నూనె రాసేవారో వచ్చినవాళ్లందరికీ వివరించాడు. శవపేటికకు భుజం పట్టమంటే నడుం నొప్పన్నాడు.

అతని కిందటి నవలలో స్పార్టా సైనికులు యుద్ధానికి వెళ్తూ టమాటాలు తిన్నారు. టమాటా గ్రీసులో అడుగుపెట్టి రెండు వందల ఏళ్లయి ఉంటుంది. పురావస్తు శాఖలో పనిచేసే పొలిక్సేని ఆ మాట పత్రికలో రాసింది. జిల్లా అంతా నవ్వింది. ఎలాగైనా ఆవిడను నలుగురిలో నవ్వులపాలు చేయాలని క్లియాంథిస్ అప్పుడే అనుకున్నాడు.

అందుకు అతను వేసిన ఎత్తు ఇది. ఒక కుమ్మరి చేత పాత పద్ధతిలో చిన్న కుండ చేయించాడు. శనివారం తెల్లవారుజామున బావ పునాది మూలలో దాన్ని పాతాడు. భోజనానికి రమ్మని పొలిక్సేనిని పిలిచాడు. కుండ బయటపడుతుంది, ఆవిడ మురిసిపోయి ఏదో ఒక శతాబ్దం పేరు చెబుతుంది, అప్పుడు అతను కుమ్మరి పేరు చెబుతాడు.

ఎప్పుడైనా ఒక పార పట్టి ఉంటే అతనికి ఒక సంగతి తెలిసేది. గ్రీసులో ఇల్లు కట్టుకునేవాడికి పూర్వీకులకు మించిన శత్రువు లేడు. పునాదిలో పాత పెంకు కనిపించిందంటే పురావస్తు శాఖవాళ్లు వచ్చి పని ఆపించి చుట్టూ తాడు కడతారు. ఆ తాడు మళ్లీ విప్పేదాకా మనిషి బతికుంటాడన్న నమ్మకం లేదు. అందుకే ఆ ఊళ్లో ప్రతివాడూ మేస్త్రీకంటే ముందు వెళ్లి కందకం చూసుకుంటాడు. కనిపించిందాన్ని వాగులో పారేసి చేతులు కడుక్కుంటాడు. ఎవరూ ఎవరినీ ఏమీ అడగరు.

అర్గీరిస్ కూడా వెలుగు రాగానే వెళ్లి చూశాడు. మూలలో మట్టి కొత్తగా కదిలి ఉంది. కాలితో కెలికితే కుండ చెవి తగిలింది.

"మీరంతా ఎప్పుడో చచ్చారు కదరా! నన్నెందుకు బతకనివ్వరు?" అని అర్గీరిస్ కుండను తిట్టాడు. వాగు దాకా వెళ్లే సమయం లేదు. మేస్త్రీ సైకిలు గంట వినిపిస్తోంది. కుండను పుంజు బుట్టలో గడ్డి కింద తోసి, మూత వేశాడు.

కాసేపటికి కారు వచ్చింది. ముందు క్లియాంథిస్ దిగాడు, వెనక పొలిక్సేని దిగింది. ఆవిణ్ణి చూడగానే అర్గీరిస్ బుట్టకు అడ్డంగా నిలబడ్డాడు.

"కంగారుపడకండి అర్గీరిస్‌గారూ. నేను భోజనానికి వచ్చానంతే, పని మీద కాదు" అందామె.

పురావస్తు శాఖ మనిషి పునాది దగ్గరికి తిండి కోసం వస్తుందంటే నమ్మేంత పిచ్చివాడు కాదు అర్గీరిస్.

"ఏం బావా, తవ్వుతుంటే ఏమైనా తగిలిందా?" అన్నాడు క్లియాంథిస్.

"రాళ్లు తగిలాయి. కావాలంటే పట్టుకుపో."

"రాళ్లు కాదు. ఏదైనా పాతది?"

"నా నడుముంది. దానికంటే పాతది ఇక్కడేదీ లేదు."

"ఆ మూల సరిగ్గా చూశావా?"

అర్గీరిస్ అతని చెయ్యి పట్టి పక్కకు లాక్కెళ్లాడు. "నన్ను పట్టించావు కదరా! మీ అక్క అడిగిన గదిరా ఇది!"

"ఊరుకో బావా. కాసేపాగు, నువ్వే నవ్వుతావు."

క్లియాంథిస్ మేస్త్రీ చేతిలో పార లాక్కుని మూలలోకి దిగాడు. తన కుండ కోసం తవ్వాడు. కనిపించలేదు. ఇంకా లోతుకు పోయిందేమోనని ఇంకా తవ్వాడు. పుట్టి బుద్ధెరిగాక అంత కష్టం అతను ఎప్పుడూ పడలేదు. అతను తవ్వినకొద్దీ, కింద ఇంకేదో ఉందని వీడికి తెలుసన్న అనుమానం అర్గీరిస్‌కు గట్టిపడింది.

ఫాదర్ గెరాసిమోస్ వచ్చాడు. "గోతిలో ఎవరది?"

"మా బావమరిది. సాయం చేస్తున్నాడు" అన్నాడు అర్గీరిస్.

"క్లియాంథిసా? సాయమా?" ఫాదర్ గుండెల మీద శిలువ గుర్తు వేసుకున్నాడు. "సరే, పుంజును తీసుకురండయ్యా. మబ్బు పడుతోంది."

"నేను తెస్తాను!" అని అర్గీరిస్ అరిచేలోగా మేస్త్రీ బుట్ట మూత తీసి, చెయ్యి పెట్టి పుంజును పైకి లాగాడు. పుంజుతోపాటు కుండ కూడా వచ్చింది. దాని కాలు కుండ చెవిలో ఇరుక్కుంది. అది రెక్కలు కొట్టుకుంటుంటే కుండ మేస్త్రీ మోకాళ్లకు తగులుతోంది.

"ఇదేంటండీ, గుడ్డు బదులు కుండ పెట్టింది?" అన్నాడు మేస్త్రీ.

అర్గీరిస్ నేల మీద కూలబడ్డాడు. క్లియాంథిస్ మట్టికొట్టుకుపోయి గోతిలోంచి లేచాడు. "అదే! అదే! మేడమ్, చూడండి. ఏ శతాబ్దందో చెప్పండి!"

పొలిక్సేని కుండను విడిపించి, వాసన చూసి, కింద పెట్టింది.

"పోయిన నెలది. పాతగా కనబడాలని కాఫీ మడ్డి పూశారు. చక్కెర కూడా వేసుకునే అలవాటున్నట్టుంది, చీమలు పట్టాయి."



"నకిలీదా? ఇంకోసారి చెప్పండమ్మా, నకిలీదేనా?" అన్నాడు అర్గీరిస్.

"ముమ్మాటికీ నకిలీదే."

అర్గీరిస్ ఆవిడ చేతిని ముద్దుపెట్టుకున్నాడు. ఫాదర్‌ను కౌగిలించుకున్నాడు. బావమరిదిని కూడా కౌగిలించుకోబోయి, ఒంటినిండా ఉన్న మట్టి చూసి మానేశాడు. పుంజు తెగింది. నీళ్లు చల్లారు. లారీ వచ్చి వెనక్కు తిరిగి, కాంక్రీటు జారే దోనెను పునాది మీదికి చాపింది. స్తమాతా పోయాక అర్గీరిస్ నవ్వడం ఊరు చూసింది అప్పుడే.

దోనెకు దారి ఇవ్వడానికి పొలిక్సేని ఓ అడుగు పక్కకు జరిగింది. జరుగుతూ మూలలోకి చూసింది. అక్కడే మోకాళ్ల మీద కూర్చుంది.

"ఆపండి. ఇక్కడ ఇంత లోతు ఎవరు తవ్వారు?"

"మేం మోకాలి లోతే తవ్వామమ్మా. పునాదికి అంతకంటే అక్కర్లేదు. అది నవలలాయన తవ్వింది" అన్నాడు మేస్త్రీ.

గోతి అడుగున చెక్కిన రాళ్లు వరసగా ఉన్నాయి. వాటి మధ్య సన్నటి కాలువ ఉంది. ఇది అసలుది.

పొలిక్సేని లేచి అర్గీరిస్ ముఖంలోకి చూడలేక నేలకేసి చూసింది. "క్షమించండి. చూశాక చూడలేదని చెప్పలేను."

కలిపిన కాంక్రీటు పట్నం దాకా తిరిగి వెళ్లేలోపు గడ్డకడుతుంది. దాన్ని చర్చి ఆవరణలో పోయించారు. ఫాదర్ అంతా దేవుడి లీల అన్నాడుగానీ, వద్దనలేదు.

క్లియాంథిస్ గోతిలోకి తొంగిచూశాడు. "ఏమిటిది? గుడేనా?"

"మురుగుకాలువ. చాలా మంచి మురుగుకాలువ. రెండు వేల ఏళ్లు ఉంటుంది" అంది పొలిక్సేని.

"ఇంతేనా?" అన్నాడు క్లియాంథిస్. చేతులు దులుపుకుని, పుంజు కూర ఎంతవరకొచ్చిందో చూడటానికి వెళ్లాడు. తొడలు రెండూ అతనే తిన్నాడు.

శాఖవాళ్లు తాడు కట్టారు. వాన పడితే పాడవుతుందని మురుగుకాలువ మీద పెంకుల కప్పు వేశారు. గట్టి కప్పు, చుక్క కారదు. దాని పక్కనే రేకు పెట్టెలో అర్గీరిస్ చలికాలం గడిపాడు. మరో చలికాలం కూడా గడిపాడు.

తర్వాత క్లియాంథిస్ కొత్త నవల వచ్చింది. పంచాయతీ హాల్లో సభ పెట్టారు. ఊరి గడ్డలోంచి చరిత్రను వెలికితీసిన రచయిత అని అధ్యక్షుడు పొగిడాడు. ఆ మరపురాని రోజు గురించి బావగారు రెండు మాటలు చెప్పాలని క్లియాంథిస్ వేదిక మీంచి చెయ్యి చాపాడు. జనం చప్పట్లు కొట్టారు.

అర్గీరిస్ లేచి టోపీ పెట్టుకున్నాడు. "బయట చినుకులు పడుతున్నాయి. నేను వెళ్లి బకెట్లు పెట్టుకోవాలి. ఆ రోజు సంగతి ఇవాళే కాదు, ఎప్పుడూ మాట్లాడను."