ఏడో నియమం అమలైన విధం

మా క్వమ్‌గ్లో లోయలో గని కార్మికుల సోదర సంఘానికి నూరేళ్లు నిండాయనీ, ఆ మహత్తర చరిత్రను గ్రంథంగా అచ్చువేసి జాతికి అంకితం చేస్తున్నామనీ కౌన్సిలర్ హాప్కిన్ బెడో గారు పత్రికలో ప్రకటించారు. సంఘానికి అధ్యక్షులు కూడా వారే. గనిలోకి వారు ఒకసారి దిగారు, ఫొటో కోసం. గని మూతపడి మూడేళ్లయింది. చరిత్ర మాత్రం జోరుగా నడుస్తోంది.

ఆ చరిత్రకు గుండెకాయ ఏడో నియమం. సంఘంలో సోదరుడు పోతే ఆరుగురు సోదరులు ఛాతీకి అడ్డంగా సంఘం పట్టీలు ధరించి శవపెట్టెను భుజాన మోయాలి. బయటివాడి చెయ్యి పడకూడదు.

నాతో ఇరవై ఏళ్లు ఒకే సొరంగంలో బొగ్గు తవ్విన గెథిన్ ప్రాసర్‌కి ఆ నియమమే కావాలి. ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో మంచాన పడ్డాడు. "ఇడ్వల్, మా నాన్నని ఆరుగురు మోశార్రా. నాకు దొరుకుతారా?" అని రోజూ అడిగేవాడు. కమిటీలో అడిగాను.

"అజెండాలో లేదు బ్రదర్," అన్నారు బెడో గారు. "ఇప్పుడు నూరేళ్ల ఊరేగింపు ముఖ్యం."

ఊరేగింపులో స్థాపకుడు ఎబెనేజర్ ప్యూ గారి అంత్యక్రియలు ప్రదర్శించాలి. ఆయన ఫొటో ఒక్కటీ లేదు గనక చరిత్రకు ఫొటో కూడా అందులోంచే తీయాలి. రిహార్సల్లో ఖాళీ పెట్టెతో మేం ఆరుగురం గంతులేసుకుంటూ నడిచాం.

"శోకం కనపడట్లేదు," అన్నారు బెడో గారు. "లోపల మనిషి ఉండాలి. బక్కవాడు."

తిన్నగా గెథిన్ ఇంటికే వెళ్లారు. "బ్రదర్, మీరు స్థాపకుడి శవంగా పడుకోవాలి. డైలాగుల్లేవు. ఆఖర్న లేచి భవిష్యత్తుకు చెయ్యి ఊపితే చాలు."

గెథిన్ దగ్గు ఆగేదాకా ఆగి, "మోసేదెవరు?" అన్నాడు.

"ఆరుగురు సోదరులు. పట్టీలతో సహా."

"అయితే వస్తా."

"నీ మొహం! ఊపిరాడట్లేదుగానీ నాటకాలు కావాల్సొచ్చాయి," అని అరిచింది భార్య ఒల్వెన్.

"ఒసే, నిజంగా పోయిన రోజు వీళ్లకి మీటింగు ఉంటుందే. దొరికినప్పుడే మోయించుకోవాలి."

శనివారం బ్యాండు మోగింది. మూత లేని పెట్టెలో గెథిన్, ముందు ఎడమ భుజం నాది.

"కుదపకురా దున్నపోతా," అని గొణిగాడు. కాసేపటికి, "హాయిగా ఉందిరా," అన్నాడు.

చాపెల్ మెట్ల మీద దించాం. బెడో గారు కార్మికుడి త్యాగం గురించి గంటంపావు మాట్లాడారు. వాన కూడా విన్నది. ఆపైన పెట్టె వైపు సైగ చేశారు. గెథిన్ లేవలేదు. మళ్లీ సైగ. నవ్వుమొహంతో అలాగే పడుకున్నాడు. జనం చప్పట్లు కొట్టారు.

"రిహార్సల్లో కూడా ఇంత బాగా చెయ్యలేదే!" అన్నారు బెడో గారు నా చెవిలో.

ఒల్వెన్ మెట్లెక్కి వచ్చి నుదుటి మీద చెయ్యి పెట్టింది. కార్యక్రమంలో రాసి ఉంది గనక బ్యాండు వాయించింది. ఫొటో తీశారు.

సోమవారం ఆమె సంఘం హాలుకొచ్చి, గురువారం అంత్యక్రియలకు ఆరుగుర్ని పంపమంది.

బెడో గారు నియమావళి తిరగేశారు. "సోదరుడికి ఒక్కసారే అమ్మా. శనివారం మోసేశాం కదా."

"అప్పుడు బతికున్నాడు కదయ్యా!"

"ఎత్తినప్పుడు. దించినప్పుడు కాదు. దించిన టైమే చెల్లుతుంది."

శనివారంతో చెల్లినట్టేనా అని ఓటు పెట్టారు. కాదన్నవాణ్ణి నేనొక్కణ్ణే. నా అసమ్మతిని సంఘం ప్రజాస్వామ్య సంప్రదాయానికి నిదర్శనంగా మెచ్చుకున్నారు. పెట్టె మోసిన మిగతా ఐదుగురికీ కౌన్సిల్లో ఉద్యోగాలు ఇప్పిస్తానని బెడో గారి మాట ఉంది. గురువారం వాళ్లకు మీటింగు పడింది.

అద్దెకొచ్చిన మనుషులు నలుగురూ, నేనూ. ఎత్తు కుదరక పెట్టె దారంతా ఒరుగుతూనే ఉంది.

"ఎవరండీ ఈయన?" అనడిగాడు వాళ్లలో ఒకడు.

"మా చరిత్ర వస్తోంది, చదువు," అన్నాను.

నెలకి చరిత్ర వచ్చింది. ఒల్వెన్‌కి ఒక ప్రతి ఉచితంగా పంపారు. మొదటి పేజీలోనే పెట్టెలో పడుకుని నవ్వుతున్న గెథిన్. కింద రాసి ఉంది: "స్థాపకులు ఎబెనేజర్ ప్యూ గారు. నాటి నుంచి నేటి వరకు మా సోదరుడెవరి మీదా బయటివాడి చెయ్యి పడలేదు."