కళ్ళు మూసుకుని చూసే బొమ్మ

ఆ మంగళవారం పొద్దున్న సముద్రం మీంచి హోల్మ్‌స్కార్ ఊళ్ళోకి దిగిన పొగమంచు ఎంత చిక్కగా ఉందంటే, పాలవాడు గడప అనుకుని మూడు సీసాలు మంచుమీదే పెట్టేశాడు. మధ్యాహ్నం దాకా అవి అక్కడే నిలబడ్డాయి. ఎనిడ్ థ్వైట్ తడుముకుంటూ వచ్చి ఆర్ట్ గ్యాలరీ తలుపు తీసింది. పొయ్యిలో బొగ్గులు రాజేసింది. ఆరోజు ఆమెకి ఒకటే పని. మధ్యాహ్నం మూడింటికి కౌన్సిలర్ గార్బట్ వచ్చేసరికి హాల్లో ఒక్క మనిషైనా కనపడాలి.

లండన్ నుంచి లారీలో పదిహేను బొమ్మలు, నాలుగు శిల్పాలు వచ్చి పన్నెండు రోజులైంది. చూడ్డానికి వచ్చినవాళ్ళు ఇద్దరు. అందులో రెండో ఆవిడ, గొడుగు మర్చిపోయి వెనక్కి వచ్చిన మొదటి ఆవిడే. జనం రాకపోతే హాలుని బింగో ఆటకి ఇచ్చేస్తామని కౌన్సిల్ చెప్పేసింది. అదే జరిగితే ఇరవై రెండేళ్ళుగా కాపలా కాస్తున్న ఎనిడ్ ఇంట్లో కూర్చోవాలి.

అందుకని అక్క మొగుణ్ణి పట్టుకుంది. విల్ఫ్ ఆక్స్‌టబీది రొట్టెల కొట్టు.

"మూడింటికి వచ్చి బెంచీమీద కూర్చుని ఆ పెద్ద బూడిదరంగు బొమ్మ చూడు బావా. అంతే."

"ఏముంది అందులో?"

"సముద్రం."

"సముద్రం మా కిటికీలోంచి ఊరికే కనపడుతుంది కదమ్మా!"

"ఇవాళ కనపడుతోందా?"

"లేదనుకో. దాంట్లో మాత్రం ఏం కనపడుతుందిట?" అని గొణుగుతూనే ఒప్పుకున్నాడు.

రాత్రి ఒంటిగంట నుంచి పిండి పిసికిన మనిషి, ఇంటికెళ్ళి నడుం వాలిస్తే మళ్ళీ లేవలేనని భయపడి పన్నెండింటికే తిన్నగా గ్యాలరీకి వచ్చేశాడు. చర్చికి వేసుకునే ఆదివారం కోటు ముందే కొట్టుకి తెప్పించుకుని వేసుకున్నాడు. టోపీ మోకాళ్ళమీద పెట్టుకున్నాడు. కనుబొమల మీద ఇంకా పిండి ఉంది. పొయ్యి వెచ్చగా తగిలింది. రెండు నిమిషాల్లో నిద్రపోయాడు. ముప్ఫై ఏళ్ళు బట్టీ ముందు నిలబడే కునుకు తీసిన మనిషి కాబట్టి వీపు నిటారుగానే ఉంది, గురకైనా లేదు. మొహంలో మాత్రం పసిపిల్లాడి ప్రశాంతత.

ఎనిడ్ లేపబోయింది. అంతలో తలుపు తెరుచుకుని మిస్ సవర్బీ వచ్చింది. ఊళ్ళో సగంమందికి చదువు చెప్పి రిటైరైన టీచరు. మంచులో బస్సు దారి తప్పిందట.

"ఆ కూర్చున్నది మన రొట్టెల విల్ఫేనా?"

"అవునండీ టీచరుగారూ."

"కళ్ళు మూసుకున్నాడేం?"

సొంత బావే బొమ్మ ముందు నిద్రపోయాడని తెలిస్తే సాయంత్రానికి ఊరంతా నవ్వుతుంది. ఎనిడ్ నోటికొచ్చింది చెప్పేసింది. "అలాగే చూడాలటండీ. ముందోసారి బాగా చూసి, తర్వాత కళ్ళు మూసుకోవాలి. అప్పుడుగానీ అసలు బొమ్మ కనపడదు. లండన్‌లో అందరూ ఇంతే."

లండన్‌లో అందరూ ఇంతే అన్నాక నాకు తెలియదని ఒప్పుకునే మనిషి హోల్మ్‌స్కార్‌లో ఇంకా పుట్టలేదు. "ఆ మాత్రం నాకూ తెలుసులే" అని టీచరుగారు విల్ఫ్ పక్కన కూర్చుని కళ్ళు మూసుకుంది. దూరంగా లైట్‌హౌస్ బూర నిమిషానికోసారి ఊఁ... అంటోంది, కథ వింటున్నట్టు.

అరగంటకి కళ్ళు తెరిచింది. చెంపలు తడిగా ఉన్నాయి.

"మా నాన్న పడవ వచ్చింది ఎనిడ్. దిగి, నా జడకి రిబ్బను సరిచేశాడు. గొప్ప బొమ్మ!"

అక్కణ్ణుంచి తిన్నగా టీ దుకాణానికి వెళ్ళింది.

రెండున్నరకల్లా హాల్లో నలభైమంది. కసాయి కొట్టు బార్నబీ ఏప్రన్‌తోనే వచ్చాడు. చర్చి నుంచి కుర్చీలు వచ్చాయి. ఎవరూ ఎవరినీ ఏమీ అడగలేదు. పక్కవాళ్ళ కళ్ళు మూసి ఉన్నాయా లేదా చూసుకోవడం, గబుక్కున తమవీ మూసుకోవడం. నలభైమంది ఒకేసారి ఊపిరి తీసి వదులుతుంటే గోడమీద బొమ్మలు మేకులకి మెల్లగా ఊగాయి. తలుపు సందులోంచి పొగమంచు పాకి వచ్చి మోకాళ్ళదాకా నిలిచింది. బెంచీలు పడవల్లా కాస్త తేలాయి కూడా. హాలు మధ్యలో ఉన్న రాతిశిల్పం చిల్లులోంచి మంచు దూరి అవతలికి వెళ్ళింది. "ఆగవే, నేనూ వస్తున్నా" అని బార్నబీ నిద్రలో ఎవరినో చూసి నవ్వాడు.

ఎనిడ్ గోడ గడియారం చూసింది. జనం వచ్చారు సరే. ఊరు ఊరంతా బొమ్మల ముందు నిద్రపోతోందని కౌన్సిలర్ రాసుకుపోతే? దగ్గింది. తాళాల గుత్తి కింద పడేసింది. నలభై నోళ్ళు "ష్!" అన్నాయి. ముందువరసలో మళ్ళీ చేరిన టీచరుగారు ఒక కన్ను తెరిచి, "ఇక్కడ చూస్తున్నాం ఎనిడ్!" అంది.

"బావా, లే! నీకు దణ్ణం పెడతా."

"రెండు నిమిషాలమ్మా. పిండి పొంగుతోంది" అన్నాడు విల్ఫ్ నిద్రలోనే.

సరిగ్గా మూడింటికి గార్బట్ వచ్చాడు. హాలుని బింగోకి ఇచ్చే కాగితం జేబులోంచి సగం బయటికి కనపడుతోంది.

"ఏమిటమ్మా ఇది? అందరూ పడుకున్నారా?"

ఎనిడ్ నోరు తెరిచేలోపే టీచరుగారు వెనక్కి తిరక్కుండానే అంది: "క్లిఫర్డ్ గార్బట్! నోరు మూసుకుని కూర్చో. రెండో తరగతిలోనూ ఇంతే నువ్వు. ఏదీ నిదానంగా చూసేవాడివి కాదు."

యాభై ఏళ్ళ కౌన్సిలర్‌కి ఉన్నపళంగా ఏడేళ్ళొచ్చాయి. టోపీ తీశాడు. కుర్చీ దొరక్క బొగ్గుల పెట్టెమీద కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

నాలుగింటికి పొడుగాటి కోటువాడొకడు వచ్చాడు. బూట్లు కిర్రుకిర్రుమంటున్నాయి. ఒక్కో బొమ్మ దగ్గరికీ ముక్కు ఆనేలా వెళ్ళి, కళ్ళింత చేసుకుని చూస్తున్నాడు. గార్బట్ ఉలిక్కిపడి లేచాడు.

"అయ్యా, తమరిది ఏ ఊరు?"

"లండనండీ. క్షమించాలి."

"లండన్ నుంచి వచ్చి ఇదేనా చూడ్డం? నలుగురూ చూస్తున్నచోట కళ్ళు తెరుచుకుని తిరుగుతారా? కూర్చోండి!"

"క్షమించాలి. నాకెవరూ చెప్పలేదు" అని ఆయన బూట్లు విప్పి చేత్తో పట్టుకుని, బార్నబీ పక్కన సర్దుకున్నాడు.

అయిదింటికి గంట కొట్టారు. అందరూ ఒళ్ళు విరుచుకుంటూ, ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా మంచులోకి నడిచారు. గార్బట్ చాలాసేపు గొంతు సవరించుకున్నాడు.

"బింగోవాళ్ళకి చేపల షెడ్డు చూపిస్తాను ఎనిడ్. ఇది ఇలాగే ఉండనీ. ఆ పొయ్యికి ఇంకో బస్తా బొగ్గు పంపిస్తా."

విల్ఫ్ అప్పుడు లేచాడు. "మూడయిందా? వచ్చాడా ఆయన?"

"వచ్చాడు బావా. ఇంటికెళ్ళి పడుకో" అంది ఎనిడ్ కళ్ళు తుడుచుకుంటూ.

పొడుగాటి కోటువాడు అందరికంటే ఆఖరున లేచాడు. బూట్లు తొడుక్కుని, గుమ్మం దగ్గర సందర్శకుల పుస్తకంలో ఏదో రాసి వెళ్ళిపోయాడు. ఎనిడ్ కళ్ళజోడు పెట్టుకుని చదివింది.

"నేను గీసినప్పుడు ఇంత బాగా కనపడలేదు."