బొగ్గు బస్సులో ఆడమనిషి

మౌలాలి బొగ్గు బస్సు నడిపిన కాలంలో ఎవరో పడుచుపిల్ల పక్కనే ఉండేదట, ఆ సంగతి ఇప్పుడు వారపత్రికలో సీరియల్‌గా పడుతోందట. సుబ్బాయమ్మ కుళాయి దగ్గర చెప్పిన ఈ మాట, నీళ్ల బిందె కంటే ముందు మౌలాలి భార్య నూర్‌బీకి చేరింది.

ఆ పొద్దున మౌలాలి తలపెట్టిన పని చిన్నది. రొట్టె తిని, తిరువూరు బస్టాండు టీకొట్లో కూర్చుని తన కథ చదివించుకోవడం. రజాకార్ల రోజుల్లో నిజాం సరిహద్దు అవతలి నుంచి పారిపోయి వస్తున్న జనాన్ని, పెట్రోలు దొరక్క బొగ్గు గ్యాసుతో నడిచే బస్సులో లైట్లార్పి ఇవతలికి చేర్చిన డ్రైవరు అతనే. పెనుగొలనులో ఉండే రచయిత జగన్నాథరావు గారు పాతికేళ్ల తర్వాత అదంతా చెప్పించుకుని, పేరు మార్చి రాస్తున్నారు. టీకొట్టు యజమాని ఇప్పుడు మౌలాలికి లేచి నిలబడి గ్లాసు అందిస్తున్నాడు.

"బస్సులో ఆ పిల్లెవరు?" పెనం ముందు కూర్చున్న నూర్‌బీ అడిగింది.

గుమ్మంలో బిందెతో ఆగిన సుబ్బాయమ్మను చూసి మౌలాలి కంగారుపడ్డాడు. "ఎవరూ లేరు. రాసేవాళ్లు ఏదో కల్పిస్తారు."

"క్లీనరు పారిపోతే బస్సు వెనక బొగ్గుపొయ్యికి గాలి కొట్టే చక్రం తిప్పి మంట రాజేసిందంటగా. చేతులు బొబ్బలెక్కాయంటగా."

"నేనే తిప్పాను. ఆ చక్రం మీద ఆడమనిషి చెయ్యే పడలేదు."

నూర్‌బీ పెనం దించేసింది. ఆ వారమంతా ఇంట్లో రొట్టె లేదు, మాట లేదు.

"మావా, ఆ పిల్ల కథలో ఉన్నన్నాళ్లూ నీకు తిండి పుట్టదు" అన్నాడు టీకొట్లో మేనల్లుడు హుస్సేన్. మౌలాలి పెనుగొలను బస్సెక్కాడు.

"అయ్యగారూ, ఆ పిల్లని తీసెయ్యండి."

"ఎట్లా తీసేది మౌలాలీ? చదివేవాళ్లకి నీ కంటే ఆవిడే నచ్చింది."

"అయితే చంపెయ్యండి. నా కాపురం నిలబడాలి."

జగన్నాథరావు గారిది జాలిగుండె. పై వారం ఆ పిల్ల చక్రం తిప్పుతూ తుపాకి గుండుకు ఒరిగిపోయింది.

కుళాయి దగ్గర ఏడుపులు మొదలయ్యాయి. టీకొట్టు యజమాని కూర్చునే గ్లాసు తోశాడు. అంత ధైర్యవంతురాలిని కాపాడలేకపోయాడే అని ఊరంతా మౌలాలిని చూసి మొహం తిప్పుకుంది. చివరికి గ్రంథాలయంలో సంతాపసభ పెట్టి, ఆమెను ఆఖరుసారి చూసిన మనిషిగా అతన్నే మాట్లాడమన్నారు. నూర్‌బీ ఆడవాళ్ల వరసలో కూర్చుంది.

మౌలాలి లేచేలోగానే జగన్నాథరావు గారు అందుకున్నారు. "చావు ఒక్కటే నేను కల్పించింది. ఆ పిల్ల నిజంగా ఉంది. ఆమె లేకపోతే ఆ బస్సు మిట్ట ఎక్కేది కాదని మౌలాలి కళ్లనీళ్లతో చెప్పాడు. పేరు మాత్రం చెప్పలేదు."

"ఎవరు మావా?" అన్నాడు హుస్సేన్.

మౌలాలి తలొంచుకున్నాడు. "ఇంటి ఆడమనిషి పేరు బజార్లో పెట్టటమెందుకని చెప్పలేదు. అప్పటికింకా నిఖా కాలేదు."

సభ మొత్తం నూర్‌బీ వైపు తిరిగింది. జగన్నాథరావు గారు చేతులు జోడించారు. "తెలియక చంపేశానమ్మా. కథ ఎట్లా ఉందో మీరే చెప్పాలి."

నూర్‌బీ ముసుగు సర్దుకుని లేచింది.

"చక్రం తిప్పింది చచ్చిపోయింది. సీట్లో కూర్చున్నోడు బతికాడు. బాగానే ఉంది."